పులి చారల జెండా

మా ఇల్లు తొరపాడిలో. వేలూరు జిల్లాలో ఎవరికి చెప్పినా వెంటనే "జైలు పక్కనా?" అంటారు. నిజమే, సెంట్రల్ జైలు మా ఊళ్ళోనే ఉంది. 1830లో కట్టిన జైలు అది. రాజాజీ 1921 డిసెంబరు నుంచి 1922 మార్చి వరకు అక్కడే ఖైదీగా ఉండి రోజూ డైరీ రాశారు. ఇంత చరిత్ర పక్కన పెట్టుకుని కూడా నాకు చరిత్ర పాఠం అంటే నిద్ర వచ్చేది. తేదీలు నా తలలో నిలవవు.

పోయిన సంవత్సరం జూన్‌లో బడి తెరిచిన రెండో వారం మా సాంఘికశాస్త్రం సార్ ఒక మాట చెప్పారు. జూలై 10న బడిలో జెండాల ప్రదర్శన పెడదాం, ఒక్కొక్కరు ఒక్కో జెండా తయారుచేసి దాని కథ చెప్పాలి అని. జూలై 10 ఎందుకంటే అది వేలూరు తిరుగుబాటు రోజు. సార్ చీటీలు రాసి డబ్బాలో వేశారు. మా తెలుగు మీడియం క్లాసులో ఉండేదే కొద్దిమందిమి. కాబట్టి చీటీలు కూడా కొన్నే.

నాకు జాతీయ జెండా రావాలని ఉండింది. ఎందుకంటే అది రూపొందించిన పింగళి వెంకయ్య గారు తెలుగువారు. ఇక్కడ తమిళ మీడియం పిల్లలు మమ్మల్ని "మీ ఊరు ఆంధ్రా కదా" అంటూ ఉంటారు. మా ముత్తాత తాతలు కూడా ఇక్కడే పుట్టారని చెప్పినా వినరు. వెంకయ్య గారి జెండా నాకు వస్తే వాళ్ళ ముందు కాస్త గట్టిగా మాట్లాడొచ్చు అనుకున్నాను. కానీ అది నా పక్కన కూర్చునే అమ్మాయికి వచ్చింది. ఇంకొక అబ్బాయికి కర్ణాటక జెండా వచ్చింది. 2018లో అక్కడి ప్రభుత్వం పసుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో మధ్యన గండభేరుండం పెట్టి ఒప్పుకున్న జెండా అది. కేంద్రం దగ్గర ఆగిపోయింది. మరొకరికి తమిళనాడు జెండా. తమిళనాడుకు జెండా ఏంటి అని అందరం నవ్వాం. 1970లో కరుణానిధి గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఒక మూల జాతీయ జెండా, కింద మూల గోపురం ఉండేలా ఒక నమూనా చూపించారట. అది అమలులోకి రాలేదు. కానీ 1974 నుంచి ఆగస్టు 15న ముఖ్యమంత్రులే జెండా ఎగరేసే హక్కు వచ్చింది, అది కూడా ఆయన అడిగినందువల్లే అని సార్ చెప్పారు.

నా చీటీలో "1806, వేలూరు కోట" అని ఉంది. నా మొహం చూసి సార్ నవ్వి, "అందరిలోకీ నీదే దగ్గర జెండా. బస్సెక్కితే చాలు" అన్నారు.

ఆ ఆదివారం నాయన నన్ను కోటకు తీసుకుపోయినాడు. కోటకు ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. కందకం చూడడం, జలకంఠేశ్వర స్వామి గుడిలో దండం పెట్టుకోవడం, బయట మాంగా బత్తలు తినడం, అంతే. కోట కట్టించింది విజయనగర రాజుల కింద ఉండిన బొమ్మిరెడ్డి, తిమ్మారెడ్డి అని గుడి దగ్గర ఎవరో చెప్తుంటే వినడం తప్ప నేను పట్టించుకోలేదు. ఈసారి నోట్‌బుక్ పట్టుకుని పోయాను.

కథ ఇది. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ చనిపోయాక ఇంగ్లీషువాళ్ళు ఆయన కొడుకులను, కూతుళ్ళను, ఇంటివాళ్ళను తెచ్చి మా వేలూరు కోటలోని మహళ్ళలో ఉంచారు. అదే కోటలో కంపెనీ సిపాయిలు కూడా ఉండేవాళ్ళు. వాళ్ళు మన మద్రాసు రాజధాని ఊళ్ళ నుంచి చేరినవాళ్ళే. 1805 చివర్లో మద్రాసు సైన్యాధిపతి జాన్ క్రాడాక్ కొత్త నియమాలు పెట్టాడు. నొసటన బొట్టు, నామం ఉండకూడదు. గడ్డం తీసేయాలి. పాత తలపాగా తీసేసి కొత్త రకం టోపీలాంటి తలపాగా పెట్టుకోవాలి, దానికి తోలుతో చేసిన కుచ్చు ఉంటుంది. తోలు అంటే ఆవుదా, పందిదా అని హిందువులకూ భయమే, ముస్లింలకూ భయమే. 1806 మే నెలలో కొందరు సిపాయిలు పెట్టుకోం అన్నారు. వాళ్ళను మద్రాసుకు పంపి విచారణ చేసి, ఒక హిందువుకూ ఒక ముస్లిముకూ కొరడా దెబ్బలు వేసి ఉద్యోగం తీసేశారు.

జూలైలో టిప్పు కూతురు ఒకరి పెళ్ళి వచ్చింది. ఆ సందడిలో సిపాయిలు కోటలో కలుసుకోవడానికి వీలైంది. 10వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలకు మొదలుపెట్టారు. కోట అధికారి కర్నల్ ఫాన్‌కోర్ట్ చనిపోయాడు. సిపాయిల చేతుల్లో వాళ్ళ అధికారులు 14 మంది, 69వ రెజిమెంటు ఇంగ్లీషు సైనికులు 115 మంది చనిపోయారు. చాలామంది నిద్రలోనే. ఇది రాసేటప్పుడు నాకు కొంచెం కష్టంగా అనిపించింది. మన వీరులు అని రాస్తూ, నిద్రపోతున్నవాళ్ళను అని కూడా రాయాలా అని సార్‌ని అడిగాను. "జరిగింది కదా, రాయి" అన్నారు. తెల్లారేసరికి కోట సిపాయిల చేతిలో ఉంది. టిప్పు కొడుకు ఫతే హైదర్‌ను రాజుగా ప్రకటించి, కోట మీద టిప్పు పులి చారల జెండా ఎగరేశారు.

బయట ఉన్న ఒక ఇంగ్లీషు అధికారి ఆర్కాటుకు కబురు పంపాడు. ఆర్కాటు మనకు ఇరవై ఐదు కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో తొమ్మిది గంటలకల్లా వచ్చేశాడు. వెనకాలే ఫిరంగులు వచ్చాయి. కోట తలుపు పేలిపోయింది. అంతే. మహల్లో దాక్కున్న వందమంది దాకా సిపాయిలను బయటికి లాగి గోడకు నిలబెట్టి కాల్చేశారు. మొత్తం మీద ఆ రోజు చనిపోయిన సిపాయిలు సుమారు 350 మంది అంటారు. తర్వాత విచారణ పెట్టి ఆరుగురిని ఫిరంగి నోటికి కట్టి పేల్చారు, ఐదుగురిని కాల్చారు, ఎనిమిదిమందిని ఉరి తీశారు. టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు పంపేశారు. ఆ తలపాగా నియమం మాత్రం రద్దు చేశారు. క్రాడాక్‌నూ, గవర్నర్ బెంటింక్‌నూ వెనక్కి పిలిపించారు. 1857 కంటే యాభై ఏళ్ళ ముందు జరిగిన సంగతి ఇది. మక్కాన్ సిగ్నల్ దగ్గర స్తంభం దీనిదే. నేను ఆ స్తంభం పక్కనుంచి ఎన్నోసార్లు బస్సులో పోయాను, దీపస్తంభం అనుకునేదాన్ని.

నాయన కోట గోడ మీద నిలబడి లెక్క వేశాడు. "తెల్లారి ఆరుకు ఎగరేసినా, పదికల్లా దించేసినారు. అంటే నాలుగు గంటలు."

నాలుగు గంటలు ఎగిరిన జెండాకు ప్రదర్శన ఎందుకు అని నాకు అప్పుడు అనిపించింది. చెప్పలేదు.

జెండా గుడ్డతోనే చేయాలని సార్ చెప్పారు, చార్టు మీద గీస్తే కుదరదు. నాకు దిగులు లేదు. గుడియాత్తంలో మా అవ్వ ఉంది. గుడియాత్తం అంటే లుంగీలు, అగ్గిపెట్టెలు, వైకాశి మొదటి రోజు గంగమ్మ శిరసు. ఇంకొకటి కూడా ఉంది, జెండాలు. ఎన్నికలు వస్తే అన్ని పార్టీల జెండాలూ ఒకే ఇంట్లో తయారవుతాయి. మా తాత మగ్గం నేసేవాడు. ఆయన పోయాక మగ్గం తీసేసి అవ్వ కుట్టు మిషను పెట్టుకుంది. మేస్త్రి ఖద్దరు గుడ్డను కత్తిరించి, కట్టలు కట్టి ఇచ్చిపోతాడు. కాషాయం ఒక కట్ట, తెలుపు ఒక కట్ట, ఆకుపచ్చ ఒక కట్ట. తెల్ల గుడ్డ మీద రెండు పక్కలా చక్రం అచ్చు ముందే వేసి ఉంటుంది. మూడడుగుల జెండా అంటే వెడల్పు రెండడుగులు, ఎందుకంటే జెండా ఎప్పుడూ మూడుకు రెండుగానే ఉండాలి. కాబట్టి ఒక్కొక్క రంగు ఎనిమిది అంగుళాలు. కుట్టులో పోయేదానికి కాస్త ఎక్కువ వదులుతారు. మూడూ కలిపి కుట్టి, ఎడమ పక్క తెల్ల గుడ్డతో గొట్టంలాగా మడిచి, దానిలో తాడు దూర్చాలి. తాడు దూర్చేది, ఇస్త్రీ చేసేది పక్కింటి అక్క. అవ్వ ఆమెకు జెండాకు ఇంత అని ఇస్తుంది.

ఈ పని ముందున్నంత లేదు. 2021 డిసెంబరు 30న జెండా నియమం మార్చారు. అంతకుముందు చేత్తో వడికి చేత్తో నేసిన గుడ్డే ఉండాలి. ఇప్పుడు పాలిస్టరు కూడా పనికొస్తుంది, మిషను మీద నేసింది కూడా పనికొస్తుంది. ఆ తర్వాత సంవత్సరం ఇంటింటా జెండా అన్నారు. అందరి ఇళ్ళ మీదా జెండా కనిపిస్తే నాకు బాగానే ఉండింది. కానీ అవ్వ ఇంటికి వచ్చే కట్టలు తగ్గాయి. "జెండాలు ఎక్కువైనాయి, పని తక్కువైంది, అదేం లెక్కో నువ్వే చెప్పు, చదువుకుంటాండావు కదా" అని ఒకసారి నన్ను అడిగింది. నేను చెప్పలేకపోయాను.

జూన్ చివరి శనివారం గుడియాత్తం పోయాను. ఆగస్టు పని అప్పుడే మొదలైంది. ఇల్లంతా మూడు రంగులు. అవ్వకు అద్దాలు మార్చాలి, మార్చుకోలేదు, సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలుస్తుంది.

"అవ్వా, నాకొక పులి జెండా కుట్టిస్తావా?"

"పులి జెండానా? ఏ పార్టీది?"

కథ చెప్పాను. మిషను తొక్కుతూనే వినింది. చివర్లో ఒకే ఒక ప్రశ్న అడిగింది. "ఆ జెండా ఎవరు కుట్టినారంట?"

అది పుస్తకంలో లేదు అవ్వా అన్నాను. "ఎవురో ఒకరు కుట్టే ఉంటారు కదా. రాత్రిపూట దీపం పెట్టుకొని. దొరకకుండా దాచి పెట్టుండాలి" అంది. తర్వాత, "ఈ కట్టలు అయినాక చూస్తాం పాపా, ఇప్పుడు తీరదు" అంది.

తీరదు అంటే ఎప్పుడు తీరుతుంది? జూలై 10 దగ్గరకొస్తోంది. మరుసటి రోజు ఉదయం అవ్వ సంతకు పోయింది. పులి రంగుకు కాషాయం సరిగ్గా సరిపోతుంది అని నాకు తోచింది. కట్టలోంచి మూడు ముక్కలు తీశాను. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు. రెండడుగులు సరిగ్గా వచ్చింది. నేనే మిషను మీద కలిపి కుట్టి మడిచి సంచిలో పెట్టుకున్నాను. నల్ల చారలకు నాయన పాత గొడుగు గుడ్డ ఉంది ఇంట్లో. అవ్వ వచ్చాక ఏం చెప్పలేదు. మూడు ముక్కలే కదా అనుకున్నాను. ఆ కట్టలు అంత పెద్దవిగా కనిపించాయి.

ఇంటికొచ్చి గొడుగు గుడ్డను పొడుగ్గా కత్తిరించి అతికించాను. బాగుందనుకున్నాను.

బుధవారం రాత్రి అవ్వ అమ్మకు ఫోన్ చేసింది. ఫోన్ స్పీకరులో ఉంది. మేస్త్రి లెక్క చూస్తే కాషాయం మూడు తక్కువ వచ్చిందంట. మూడు జెండాల గుడ్డకు డబ్బు పట్టుకున్నాడంట. అది పోతే పోయింది కానీ, పక్కింటి అక్క పిల్లకు ఏదో గౌను కుట్టించిందని, ఆ రంగు గుడ్డ అందులో ఉందని ఎవరో అన్నారంట. "నేనేం అనలేదు. ఆ పిల్లే రెండు దినాలుగా పనికి రావడం లేదు" అంది అవ్వ.

నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. అమ్మ నన్ను చూడలేదు. నేను చెప్పొచ్చు అప్పుడే. చెప్పలేదు. గురువారం చెప్పలేదు, శుక్రవారం చెప్పలేదు. బడిలో కథ అప్పజెప్పడం సాధన చేస్తున్నాను, "సిపాయిలు తమకు జరిగిన అన్యాయాన్ని సహించలేక" అనే చోటికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతున్నాను. మరచిపోయావా అని సార్ అందించారు. మరచిపోలేదు.

శనివారం అమ్మతో చెప్పి బస్సెక్కాను. నిజంగా చెప్పాల్సింది అమ్మతో కూడా చెప్పలేదు. అవ్వ ముందు సంచి విప్పి జెండా పరిచాను. అవ్వ కుట్టు చూసింది. చారలు కాదు, లోపలి కుట్టు. మూడు ముక్కల అంచులు వేలితో తడిమింది. మూడు ముక్కలు, ఎనిమిది అంగుళాలు. ఆమెకు ఇంకేం చెప్పాల్సిన పని లేదు.

కొట్టి ఉంటే బాగుండు అనిపించింది. "విప్పేస్తాను అవ్వా, తిరిగి ఇచ్చేస్తాం" అన్నాను.

"సూది బొక్కలు పడిన గుడ్డ జెండాకు పనికిరాదు" అంది. కాసేపటికి, "నాతో చెప్తే ఏం లాభం? పో, ఆ పిల్లతో చెప్పు" అంది.

అక్క ఇల్లు నాలుగడుగులే. ఆ నాలుగడుగులూ నాకు బాగా గుర్తున్నాయి. అక్క అరుగు మీద బీడీలు చుడుతోంది. నేను చెప్తుంటే చుట్టడం ఆపలేదు. అంతా విని, "మీ అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నేను కూడా నాలుగు అని వచ్చేసేదాన్ని. అనకుండా చూసింది, అదే నాకు బాధ" అంది. నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. గౌను తెచ్చి చూపించింది. దాని రంగు కాషాయం కూడా కాదు, నారింజ.

సాయంత్రం అక్క పనికి వచ్చింది. అవ్వ, అక్క ఇద్దరూ ఏమీ జరగనట్టు జెండాలు మడిచారు. నన్ను మాత్రం ఎవరూ పలకరించలేదు. దీపాలు పెట్టాక అవ్వ నా జెండాను తీసి ఒళ్ళో వేసుకుంది.

"ఇది పులేనా? గీతల గుర్రం మాదిరి ఉండాది."

నేను చారలు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా కత్తిరించాను. టిప్పు చారలు అలా ఉండవు. మధ్యలో లావుగా, రెండు చివరలా సన్నగా, కొంచెం వంకరగా ఉంటాయి. ఆయన సైనికుల బట్టల మీద, ఆయుధాల మీద, సింహాసనం మీద అన్నిటా పులే. అది నేను పుస్తకంలో బొమ్మ చూసి కూడా గమనించలేదు. అవ్వ బొమ్మ చూడలేదు, కానీ నా గీతలన్నీ ఊడదీసి, గొడుగు గుడ్డనే తిరిగి కత్తిరించి, ఒక్కొక్కటీ చేత్తో అంచు మడిచి కుట్టింది. దారం నేను ఎక్కించాను. రాత్రి పదకొండు దాటింది. అక్క వచ్చి తలుపు దగ్గర నిలబడి, "వేలూరు కోట మీదకే పోతుందా ఇది?" అని అడిగింది. అప్పుడు అవ్వ నవ్వింది.

జూలై 10న నా జెండా జాతీయ జెండాకు రెండు బల్లల అవతల పెట్టాం. దాని కింద సార్ ఒక అట్ట పెట్టించారు: "చారలకు ఆధారం ఉంది, రంగులు విద్యార్థిని ఊహ." అలా రాయడం నాకు మొదట నచ్చలేదు, తర్వాత సరే అనిపించింది. పక్క బల్ల దగ్గర నా స్నేహితురాలు పింగళి వెంకయ్య గారి గురించి చెప్తోంది. 1876 ఆగస్టు 2న భట్లపెనుమర్రులో పుట్టారు, 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారు, 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు అశోక చక్రం పెట్టి ఒప్పుకుంది అని. ఒక తమిళ మీడియం అబ్బాయి "అయితే ఆయన ఆంధ్రా" అన్నాడు. ఆమె వెంటనే "అప్పుడు అదీ ఇదీ అంతా మద్రాసు రాజధానే, తెలియదా" అంది. ఆ మాట నేను చెప్పాలని దాచిపెట్టుకున్నది. పోనీ.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన అడిగారు. "ఈ జెండా ఎన్నాళ్ళు ఎగిరిందమ్మా?"

"నాలుగు గంటలండి."

"అంతేనా?"

"దాన్ని కుట్టడానికి అంతకంటే ఎక్కువ సేపు పట్టి ఉంటుంది" అన్నాను. అది నేను రాసుకున్నది కాదు, నోటికి అలా వచ్చింది. ఆయన తల ఊపి ముందుకు పోయారు.

అవ్వ రాలేదు. కట్టలు ఉన్నాయి కదా. మేస్త్రి పట్టుకున్న డబ్బు నేను ఇస్తానంటే తీసుకోలేదు. దానికి బదులు ఆగస్టు దాకా ప్రతి ఆదివారం గుడియాత్తం వచ్చి అక్కతో కూర్చొని తాడు దూర్చాలి అంది. దూర్చాను. చూడడానికి సులభం, కానీ తాడు మధ్యలో మెలికపడితే గొట్టమంతా విప్పాలి. అక్క ఇరవై చేసేలోపు నేను ఏడు చేసేదాన్ని. చివరి ఆదివారానికి పన్నెండు వరకు వచ్చాను.